హార్మోనియం లోపలి కాగితం

రీడు కొన కింద సన్నటి రేకుముక్క దోపి, వెంకటదుర్గ బ్లేడుతో ఒక్క గీత గీసింది. ఇత్తడి పొడి రాలీ రాలనట్టు రాలింది. దాన్ని నోటితో ఊదేసి, రీడును బల్లకు బిగించిన చిన్న తిత్తి మీద పెట్టి నొక్కింది. స్వరం ఇంకా కిందనే ఉంది. మళ్లీ రేకు దోపింది, మళ్లీ ఒక్క గీత గీసింది. కొన గీకితే స్వరం పైకి లేస్తుంది, మొదట్లో గీకితే కిందికి దిగుతుంది. తొందరపడి రెండు గీతలు గీసినవాళ్లు మళ్లీ మొదట్లో గీకి సర్దుకోవాలి. అలా అటూ ఇటూ గీకించుకున్న రీడు పలచబడి, ఏదో ఒక రోజు పాట మధ్యలో విరుగుతుంది. అందుకే ఆవిడ గీతకొకసారి వింటుంది. విన్నాకే రెండో గీత.

నర్సీపట్నం పాత బస్టాండు వెనక సందులో ఉన్న ఆ షాపు బోర్డు మీద 'దుర్గా లేడీస్ టైలర్స్' అనే రాసి ఉంటుంది. హార్మోనియం బాగుచేస్తారని ఎక్కడా ఉండదు. అయినా గొలుగొండ నుంచి, రోలుగుంట నుంచి, అవతల సముద్రం ఒడ్డు ఊళ్ల నుంచి హార్మోనియాలు ఆటోలెక్కి, బస్సులెక్కి అక్కడికే వస్తాయి. రామమందిరాలవీ వస్తాయి, చర్చిలవీ వస్తాయి, పద్యనాటకాల వాళ్లవీ వస్తాయి. కుట్టుమిషను పక్కన బల్ల మీద విప్పి పెడితే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. లోపల అన్నిటికీ అవే రీడ్లు, అదే తోలు, అదే దుమ్ము.

ఇప్పుడు బల్ల మీదున్నది మత్స్యలింగానిది. యలమంచిలి దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో నలభై ఏళ్లుగా భజన నడిపిస్తున్న ముసలాయన. ఉప్పుగాలికి రీడ్లు పచ్చబారిపోతాయి కనుక ఏడాదికోసారి పెట్టె తెచ్చి ఇచ్చి వెళతాడు. ఈసారి గడువు తక్కువ. మూడు రోజుల్లో వాళ్ల ఊళ్లో ఏకాహం. ఏకాహం అంటే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా రామనామం తెగకూడదు. ఒక జట్టు గొంతులు అలిసి లేస్తుంటే ఇంకో జట్టు వచ్చి కూర్చుంటుంది. ఆ లేవడానికీ కూర్చోవడానికీ మధ్య నామం జారిపోకుండా పట్టుకునేది హార్మోనియం. తెల్లవారుజామున అందరి గొంతులూ బొంగురుపోయి, మిగిలిన ఇద్దరు ముగ్గురు కూడా తూగుతుంటే, మత్స్యలింగం తిత్తి ఆపకుండా శ్రుతి పట్టి కూర్చుంటాడట. ఇరవై నాలుగు గంటల్లో రెండుసార్లే లేస్తాడట. ఆ సంగతి వెంకటదుర్గకు తెలుసు కనుక ఆ పెట్టె మీద బ్లేడు పెట్టేటప్పుడు ఇంకాస్త నిదానిస్తుంది.

లోపల కుక్కరు మూడో కూత వేసింది. రీడు పక్కన పెట్టి పొయ్యి ఆర్పడానికి లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి భర్త జగదీశ్వరరావు ప్లాస్టిక్ కుర్చీలో ఫోను పట్టుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

"పడగొట్టేసాను దుర్గా" అన్నాడు.

"ఎవర్ని?"

"ఆ వైజాగ్ లెక్చరర్ని. హార్మోనియం మన పురాణాల్లోదే అంటాడు. మూలం చూపించండి మాస్టారూ అంటే వారం నుంచి మాట మారుస్తన్నాడు. ఫారిన్‌లో పుట్టింది, తెల్లోళ్లు తెచ్చారు అని నేను. ఇప్పుడు రీడ్ల మీద ఇంగ్లీషు అక్షరాలు కనపడేలాగ ఫొటో కొట్టి పెట్టేసాను. ఇంక నోరెత్తడు."

వెంకటదుర్గ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆగింది. "ఏ హార్మోనియం ఫొటో?"

"ఇదే. ఎదురుగా ఉంది గదా."

జగదీశ్వరరావు చెడ్డవాడు కాడు. చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు తూకం దగ్గర పనిచేశాడు. అది మూతపడ్డాక ఈ కుర్చీలోకి వచ్చాడు. మొదట్లో బొత్తాలు కుట్టేవాడు, హుక్కులు వేసేవాడు. తరవాత ఫోనొచ్చింది. నిరుడు ఇదే పెట్టె పట్టుకెళ్లడానికి వచ్చిన సూర్యప్రకాష్ అనే కుర్రాడు ఈయన్ని వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో చేర్చాడు. పేరు 'మన చరిత్ర – మన ధర్మం'. అందులో రెండు వందల పైచిలుకు మనుషులు. అప్పటినుంచి ఈయనకు పొద్దున్న అద్వైతం, మధ్యాహ్నం అశోకుడు, సాయంత్రం ఆర్యులు ఎటు నుంచి వచ్చారన్నది. ఒక రవికెకు హుక్కులు వేయడానికి మాత్రం నాలుగు రోజులు.

"ఎవర్ని అడిగి తీశారు?"

"ఫొటోకి అడగడమేటి దుర్గా?"

"ఆడమనిషి కొలతలిచ్చి వెళితే ఆ కొలతలు ఇంకొకరికి చెప్తామా? విప్పిన పెట్టె కూడా అంతే. తీసెయ్యండి."

"ఇప్పుడు తీసేస్తే ఓడిపోయినట్టుంటాది."

ఆ గెలుపు పదకొండు నిమిషాలు నిలిచింది. ఎవరో ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశారు. రీడ్ల సంగతి వదిలేసి, వెనక పెట్టె అడుగున అంటించి ఉన్న కాగితం మీద పడ్డారు. ఆ కాగితం మీద అక్షరాలున్నాయి. 'పరలోక' అన్న మాట, దాని పక్కన అధ్యాయం అంకె స్పష్టంగా కనపడుతున్నాయి. పెట్టె మూత మీద 'మత్స్యలింగం భజన బృందం' అని ఎర్రరంగుతో రాసి ఉన్నది కూడా ఫొటోలో పడింది. ఇక ఫోను మోగడం ఆపలేదు. జగదీశ్వరరావు మొహంలో నవ్వు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోయింది. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు. అది అక్కడ కూడా గుర్రుగుర్రుమంటూనే ఉంది.

"దుర్గా, ఇందులో బైబిలు కాగితం ఎవరంటించారే?"

ఆవిడ మళ్లీ రీడు అందుకుంది. ఆ కాగితాన్ని తానెప్పుడు చూసిందో ఆవిడకు బాగా గుర్తుంది.

వెంకటదుర్గకు ఈ పని ఎవరూ నేర్పలేదు. తండ్రి నాటకాల హార్మోనిస్టు. ఆయన పోయాక పెట్టె అటక మీద ఉండిపోయి, ఎలుకలు తిత్తి కొరికేశాయి. అప్పటికే కుట్టుపని వచ్చు కనుక, తోలు కూడా గుడ్డలాంటిదే కదా అని తిత్తి విప్పి కుట్టింది. మొదటిసారి కుట్టిన కన్నాల్లోంచే గాలి పోయింది. తోలును కుట్టకూడదు, అంటించాలని అప్పుడు తెలిసింది. రీడు గీకడం నేర్చుకోవడానికి తండ్రి పెట్టెలో ఏడు రీడ్లు పాడుచేసింది. ఆ ఏడూ ఇప్పటికీ డ్రాయరులో ఉన్నాయి. చీరె అంచు కుట్టించుకోవడానికి వచ్చినావిడ చూసి వాళ్ల ఊరి పెట్టె తెచ్చింది. అలా మొదలైంది.

మత్స్యలింగం పెట్టె మొదటిసారి వచ్చింది ఇరవై రెండేళ్ల కిందట. అడుగుచెక్క నిలువునా చీలి ఉంది. పలచటి తోలు అప్పుడు దొరకలేదు. న్యూస్ పేపరు మందం, ఎండితే అంచు లేస్తుంది. ఆ రోజుల్లో బస్టాండులో చర్చి వాళ్లు పంచిన కరపత్రాలు షాపు గట్టు మీద పడి ఉండేవి. కాగితం పలచన, జిగురును బాగా పీలుస్తుంది. ఒకటి తీసి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన మైదా జిగురుతో చీలిక మీద అంటించింది. ఏం రాసి ఉందో చదివింది కూడా. గాలి ఆగింది. పని అయిపోయింది. పాత పంచాంగం కాగితాలు కూడా అలాగే పనికొస్తాయి. అవి ఎవరి పెట్టెలో ఉన్నాయో కూడా ఆవిడకు తెలుసు.

మర్నాడు పొద్దున్న సూర్యప్రకాష్ వచ్చాడు. అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో ఉద్యోగం, గ్రూపుకు అడ్మిన్, ఏకాహం కమిటీలో కూడా ఉన్నాడు. ఫోను ఎత్తి పట్టుకునే గుమ్మం ఎక్కాడు. వెనక మత్స్యలింగం వచ్చాడు. లోపలికి రాకుండా గట్టు మీదే కూర్చున్నాడు.

"అది దింపి లోపలికి రా బాబూ" అంది వెంకటదుర్గ.

"లైవ్ కాదు మేడం, రికార్డింగే. గ్రూపుకి క్లారిటీ ఇవ్వాల గదా."

"నా షాపు గ్రూపుకి కనపడక్కర్లేదు. దింపు."

దింపాడు గానీ జేబులో పెట్టుకోలేదు. "ఇది ఎవరో ప్లాన్ సేసి పెట్టింది మేడం. మా రామమందిరంలో వాయించే పెట్టెలో ఆళ్ల పుస్తకం పేజీ. ఎంతమందికి మనసు కష్టంగా ఉన్నాదో గ్రూపు సూస్తే తెలస్తాది. ఎవడు పెట్టాడో బయటికి రావాల."

"నేనే పెట్టాను."

జగదీశ్వరరావు తలెత్తాడు. రాత్రంతా అడిగినా చెప్పని సంగతి అది.

"మీరా?"

"నేనే. ఇరవై రెండేళ్లయింది. చెక్క చీలి గాలి పోతుంటే అంటించాను."

"అంటే... మీరు కన్వర్టయ్యారేటి మేడం?"

"నేను టైలర్ని."

సూర్యప్రకాష్ బల్ల వైపు రెండడుగులు వేశాడు. "అదే కాగితం ఎందుకు? లోకంలో కాగితాలే లేవేటి?"

"ఆ రోజు ఆ కాగితమే పలచగా ఉంది. నువ్వు అప్పటికి నడక కూడా నేర్చి ఉండవు. ఇన్నేళ్లు మీ ఊరు దాని మీదే ఏకాహం చేసింది. ఒక్క ఏడాదైనా గాలి పోయిందేమో ఆయన్ని అడుగు."

"గాలి సంగతి కాదు మేడం ఇది. ఐడియాలజీ సంగతి."

"నాకొచ్చింది గాలి సంగతే."

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ చేతిలో బ్లేడు ఉంది, దాన్ని కింద పెట్టలేదు. గట్టు మీద నుంచి మత్స్యలింగం అన్నాడు: "సూర్యం, నువ్వాగు."

ముసలాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "దుర్గమ్మా, నువ్వు సెడ్డకి సెయ్యలేదు. అది నాకు తెలుసు. కానీ ఇప్పుడు నాకు తెలిసిపోయినాది గదా. రామా అని మెట్టు నొక్కినప్పుడల్లా కింద అది ఉన్నాది గదా అనిపిస్తాది. తెలీనన్నాళ్లూ బాగానే ఉండీది. తీసీ."

"తీసేస్తాను బాబాయ్. రేపటికి మళ్లీ గాలి బిగించి ఇస్తాను."

"ఇచ్చినా నాను కూసుంటానో లేదో. ఊరు ఒద్దంటే ఒద్దు. నలభై ఏళ్లు వాయించినాను, సాల్లే. తాళాలు కొట్టుకుంటాను." ఆ మాట అని ఆయన సందు చివర ఆగిన ఆటో వైపు చూస్తూ ఉండిపోయాడు. పెట్టె వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

వెంకటదుర్గకు కోపం అప్పుడు వచ్చింది. అరిచే కుర్రాడి మీద కాదు, కాగితం మీద కూడా కాదు. ఆయన చేతుల్లోంచి పెట్టె జారిపోతోంది. వేళ్లకు తెలిసిన పని ఆయనకిక నిర్మలంగా మిగలలేదు. దానికి కారణం ఒక మనిషి ఇంకో మనిషితో, మొహాలు కూడా చూసుకోకుండా, గెలవాలనుకోవడం.

"ఊరు ఎవరు వద్దంది?" అని అడిగింది.

"పోల్ పెట్టాం మేడం" అన్నాడు సూర్యప్రకాష్. "హార్మోనియం ఉండాలా ఒద్దా అని. నూట డెబ్బై మంది ఒద్దన్నారు. అసలిది మన వాద్యమే కాదని మీ సారే గదా ప్రూవ్ చేశారు. ఫోన్లో శ్రుతి యాప్ ఉంది, మైకుకి తగిలిస్తాం." కాస్త తగ్గి, "సరే, పెట్టె బాగుచెయ్యండి. కాగితం తీసాక ఏది అంటించాలో మాత్రం మేం డిసైడ్ చేసి సెప్తాం."

"రేపు మధ్యాహ్నం లోపు చెప్పండి. జిగురు ఎండాలి."

వాళ్లు వెళ్లాక జగదీశ్వరరావు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయన మొహంలో పశ్చాత్తాపం ఉంది, దాని వెనకే ఇంకో ఆలోచన మెరుస్తోంది. "దుర్గా, నువ్వు ఒంటరిగా మాటపడ్డం నాకు బాలేదే. చర్చి వాళ్ల పెట్టెల్లో పంచాంగం కాగితాలు వేశానని ఒకప్పుడు చెప్పావు గదా. అదొక్కటి గ్రూపులో పెట్టానంటే బ్యాలెన్సైపోతుంది. రెండు మతాలకీ ఒకటే న్యాయం చేసిందని..."

వెంకటదుర్గ బ్లేడు బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని 'మీరు' తప్ప అనలేదు. అప్పుడూ 'మీరు' అనే అంది.

"ఆ మాట ఈ గుమ్మం దాటిందంటే, దాని వెనకే మీరు కూడా దాటండి. ఆదివారం పాడుకునేవాళ్లకి అవి ఉన్నాయని తెలీదు. తెలీకుండా హాయిగా పాడుకుంటున్నారు. ఒక ముసలాయన చేతులు విరిచారు చాలదూ? నన్ను కాపాడతారా? నన్ను కాపాడాలంటే ముందా ఫోను బయట పెట్టి రండి. ఇక నుంచి బల్ల మీద పెట్టె విప్పి ఉన్నంతసేపు ఫోను లోపలికి రాకూడదు. అది మీరు వదల్లేకపోతే మీరు కూడా బయటే కూర్చోండి."

ఆయన బయటే కూర్చున్నాడు. ఎండ గట్టు మీదికి వచ్చినప్పుడు కుర్చీ జరుపుకున్నాడు గానీ లోపలికి రాలేదు. ఆ సాయంత్రం ఆవిడ వడ్డించింది, ఆయన తిన్నాడు.

మూడోరోజు సంత. పొద్దున్నే వెంకటదుర్గ పెట్టె బోర్లించి, పలచటి గుడ్డ గోరువెచ్చటి నీళ్లలో తడిపి కాగితం మీద పరిచింది. పది నిమిషాలయ్యాక గుడ్డ తీసి, వెదురు పుల్లతో అంచు లేపింది. కాగితం ఎక్కడా చిరగకుండా ఒక్క ముక్కగా వచ్చింది. ఎవరికో అది పవిత్రమైన కాగితం కనుక చింపకూడదని అనుకుంది. నీడలో ఆరబెట్టి, కుట్టుకు వాడే పాత కొలత కాగితాల మధ్య దాచేసింది. కింద చీలిక ఇరవై రెండేళ్లలో వెంట్రుకవాసి కూడా పెరగలేదు. అంత గట్టిగా పట్టిన పనిని తన చేత్తోనే ఊడదీయాల్సి వచ్చింది. ఎవరి పనైనా పాడైతే బాగుచేయడం ఆవిడ వృత్తి. బాగున్న పనిని పాడుచేయడం ఆవిడకు ఇదే మొదటిసారి.

"ఏ కాగితమో తేలిందా?" అని గట్టు వైపు అడిగింది.

జగదీశ్వరరావు ఫోను కళ్లకు దూరంగా పట్టుకుని చదివాడు. "రామకోటి పేజీ అంటించాలన్నారు కొందరు. రామనామం మీద జిగురు పూస్తే దోషమని ఇంకొందరు. ఖాళీ కాగితం వేస్తే గొడవుండదని ఒకడన్నాడు. ఖాళీ అంటే శూన్యం, శూన్యం బౌద్ధులది, మనది పూర్ణం అని ఇంకొకడు. దాంతో అనకాపల్లి దగ్గర కొండల మీద ఉన్నది ముందు బౌద్ధులా మనవాళ్లా అని మొదలైంది. ఇప్పుడు నాగార్జునుడి దగ్గరున్నారు."

"తిత్తికి మేకతోలు ఉందని ఎవరికీ గుర్తు రాలేదా?"

"ఒకడికొచ్చింది. మృదంగానికి కూడా తోలేనని ఇంకొకడనేసరికి పక్కకి పోయింది."

పన్నెండు దాటింది. ఆవిడ ఎవరి తీర్పు కోసమూ ఎదురుచూడలేదు. టేకు చెక్క నుంచి గడ్డిపరకంత పుల్ల చెక్కి, చీలికలో జిగురుతో దిగ్గొట్టి, ఉప్పుకాగితంతో చదును చేసింది. దాని మీద చూపుడువేలంత వెడల్పు పలచటి తోలు పరిచి బొటనవేలితో గట్టిగా రాసింది. లోపల చదవడానికి ఏమీ లేకుండా పోయింది.

అప్పుడే గుమ్మంలో ఎండుచేపల వాసన కొట్టింది. ఖాళీ గంప చంకన పెట్టుకుని రామాయమ్మ నిలబడి ఉంది. నర్సీపట్నం సంతలో ఎండుచేపలు అమ్మే మనిషి. మత్స్యలింగం ఊరే. రేపటి ఏకాహం ఆవిడ మొక్కు. పోయిన వానాకాలం ఇద్దరు కొడుకుల బోటు ఇంజను ఆగిపోయి రెండు రాత్రులు నడిసముద్రంలో కొట్టుకుపోయినప్పుడు మొక్కుకున్నది.

"దుర్గమ్మా, పెట్టె అయిపోనాదా? ఎలాగూ సంతకొచ్చినాను, నాను పట్టుకెళ్లిపోతాను."

"నీకేం తెలీదా పిన్నీ?"

"ఏటి తెలీదు?"

వెంకటదుర్గ ఆవిణ్ణి కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. కాగితం తాను అంటించింది, భర్త ఫొటో తీసింది, ఊరు వద్దంది, మత్స్యలింగం తాళాలు కొట్టుకుంటానన్నది, ఏదీ దాచలేదు.

రామాయమ్మ మొదట ఆవిడ మీదే మండిపడింది. "నీకు బుద్దుందా ఎల్లిపోనాదా? దేవుడి పెట్టెలో ఏది బడితే అది అంటించీస్తావా? పాత లంగా గుడ్డ ముక్క దొరకలేదా నీకు, ఇంత కుట్టుకొట్టు పెట్టుకుని?"

"గుడ్డ గాలి ఆపదు పిన్నీ. తప్పంటే తప్పే. తీసేశాను, చూడు."

రామాయమ్మ వంగి పెట్టె లోపలికి చూసింది, తోలు మీద వేలితో తడిమింది. తరవాత బొడ్లోంచి బటన్ల ఫోను తీసింది. "ఆ సూర్యంగాడి నెంబరు నొక్కు. నాకు కళ్లు ఆనవు."

ఫోను కలిసింది. స్పీకరు పెట్టకుండానే సందంతా వినపడేంత గట్టిగా మాట్లాడింది ఆవిడ. "ఒరే సూర్యం. మొక్కు నాదా నీదా?"

"నీదే అత్తా. ఏటయింది?"

"నన్నడక్కండా పెట్టె ఒద్దనడానికి నువ్వెవడివి?"

"నేను కాదత్తా, పోలు పెట్టాం. నూట డెబ్బై మంది ఒద్దన్నారు."

"ఆ నూట డెబ్బై మందీ రేపు తానం సేసి వచ్చి కూసుని నామం సెప్తారా?"

"కొంతమంది గుజరాత్‌లో, వేరావళ్ బోట్ల మీదున్నారత్తా. కొంతమంది హైదరాబాదు."

"మరెవరు సెప్తారు?"

రామాయమ్మ ఫోనును ఇంకో చెవికి మార్చుకుంది.

"నాను సెప్తాను ఇను. భజనకి వచ్చీది పదకొండు మంది. అందులో ముగ్గురికి దగ్గు. తెల్లారుజామున ఆళ్ల గొంతులు పడిపోతే నామం ఎవడు పడతాడు? నీ ఫోనా? మద్దెలో ఫోనొస్తే ఏటి సేస్తావు, హలో అంటావా? నామం తెగిందంటే నా పిల్లల కోసం మొక్కిన మొక్కు తెగిపోద్ది. అప్పుడు నీ నూట డెబ్బై మందిని ఎక్కడ ఎతుక్కోమంటావు?"

"కాగితం సంగతి అత్తా..."

"తీసీసింది. నా కళ్లతో సూసినాను. నువ్వు ఫోనులో సూసినావు, నాను పెట్టెలో సూసినాను. ఇంకేటైనా ఉన్నాదా?"

"...లేదత్తా."

"ముసలోడికి ఫోనియ్యి."

కాసేపటికి మత్స్యలింగం గొంతు వచ్చింది. రామాయమ్మ ఫోనును వెంకటదుర్గ చేతిలో పెట్టింది. ఏం చెప్పాలో ఆవిడకు ఒక్కటే తెలుసు. "బాబాయ్, చీలికలో టేకు పుల్ల దిగ్గొట్టి, మీద తోలు వేశాను. లోపల కాగితమన్నది లేదు."

అలలు కాబోలు, వెనక హోరు వినపడుతోంది. ముసలాయన అడిగాడు: "పై మద్దెమం ఎలాగున్నాది? పోయినేడు కొంచెం బిగుసుకుని పలికేది."

"సరిచేశాను. వేలు పెట్టగానే పలుకుతుంది."

"అలాగైతే బేగి పంపీ. ఈ సాయంత్రం ఒకసారి సూసుకోవాల."

ఫోను తిరిగిచ్చి, వెంకటదుర్గ గట్టు మీదికి వెళ్లి భర్త ముందు నిలబడింది. "ఇప్పుడు మీరు రాయండి. నేను చెప్పినట్టు రాయండి. ఫొటో అడక్కుండా తీశాను, అది నా తప్పు. కాగితం నా భార్య అంటించింది, ఈరోజు ఆవిడే తీసేసింది. ఏకాహం రామాయమ్మ గారిది. అంతే. దాని కింద ఇంకేం రాయకండి."

జగదీశ్వరరావు ఒక్కో అక్షరం నొక్కుతూ రాశాడు. 'నా తప్పు' అన్న దగ్గర వేలు ఆగింది. ఆవిడ కదల్లేదు. నొక్కాడు, పంపాడు. అర నిమిషంలో జవాబు వచ్చింది. ఆయన చదివి వినిపించడానికి సంకోచించాడు.

"ఏమంటారు?"

"తీసేశారని ప్రూఫ్ ఏదీ, ఫొటో పెట్టండి అంటున్నాడు. ఆ లెక్చరరే."

"నేను పెట్టనని చెప్పానని కూడా రాయక్కర్లేదు. ఫోను మూసి లోపలికి రండి. తిత్తి పట్టుకోవాలి, నాకు రెండు చేతులు చాలవు."

ఆయన లోపలికి వచ్చాడు. ఫోను గట్టు మీదే వదిలేశాడు. ఆవిడ కోపం తగ్గలేదు, ఆయన అది తగ్గిందనుకోలేదు కూడా. తిత్తి పట్టుకున్నాడు. వెంకటదుర్గ రీడ్ల పలకను బోర్లించి పెట్టెలో దించింది. మెట్ల వరస సరిచూసి, మరలు ఒక్కొక్కటీ బిగించింది. మధ్యలో ఒక్క మర కొంచెం పట్టేసినట్టనిపిస్తే విప్పి, సబ్బు రాసి మళ్లీ బిగించింది. గాలి దారులన్నీ మూసి, తిత్తి నిండా గాలి కొట్టి చేయి తీసేయమంది. తిత్తి ఉన్నచోటే ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. రామాయమ్మ తమలపాకు నములుతూ, "ఏటి సూస్తన్నారు మీరు?" అంది.

"గాలి పోతుందేమోనని పిన్నీ."

"పోతన్నాదా?"

"లేదు."

తరవాత ఒక్కో మెట్టూ నొక్కింది, కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. పై మధ్యమం దగ్గర రెండుసార్లు ఆగింది. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి పెట్టె తుడిచి, మూత దించి గడియ వేసింది. పాత దుప్పటిలో చుట్టి, జారకుండా నాడా గట్టిగా కట్టింది.

"యలమంచిలి బస్సు నాలుగింటికుంది" అన్నాడు జగదీశ్వరరావు. "నేను స్టాండు దాకా తెచ్చిస్తాను."

"మీరొద్దు బాబూ. ముప్పై ఏళ్లు గంప మోసిన నెత్తి ఇది" అని రామాయమ్మ చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిటారుగా నిలబడింది. ఖాళీ గంపను చేతికి తగిలించుకుంది.

వెంకటదుర్గ పెట్టెను రెండు చేతులా ఎత్తింది. బరువు సమంగా కూర్చునేలా తిత్తి వైపును వెనక్కి తిప్పి, ఆవిడ నెత్తి మీద దించింది. రామాయమ్మ ఒక చేత్తో అంచు పట్టుకుని చూసుకుంది.

"కూసుందా?"

"కూర్చుంది. వదిలేస్తున్నాను."

చేతులు తీసేసింది.